కర్రపెండలము: అరువది ఏండ్ల కృషి

సగ్గుబియ్యపు పాయసము ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ సగ్గుబియ్యము కర్రపెండలపు దుంప పిండినుండి తయారగునని పెద్దాపురము, సామర్లకోట ప్రాంతముల వారికి మేము చెప్పనక్కరలేదు. మనకు పాయసమైన ఈ దుంప ఆఫ్రికాలో కోట్లాది ప్రజలకు నిత్యాహారము. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పంటను 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు అక్కడికి చేర్చిరి.

దీనిని సాగుచేయువారు గింజలు చల్లరు. కాండపు ముక్కలను నాటుదురు. అందువలన తల్లిమొక్కకు గల తెగులు పిల్లమొక్కకును సంక్రమించును. ఆకులను ముడిచి దిగుబడిని హరించు మొజాయిక్ తెగులును 1894లో నేటి టాంజానియా ప్రాంతమున మొదట వర్ణించిరి. తెల్లదోమ దానిని పొలమునుండి పొలమునకు మోయును.

1930 దశకములో అక్కడి అమాని పరిశోధనా కేంద్రమున స్టోరీ, నికల్స్ అను శాస్త్రజ్ఞులు కర్రపెండలమును దాని జ్ఞాతియైన సియారా రబ్బరు చెట్టుతో సంకరము చేసిరి. ఆ చెట్టు తెగులును తట్టుకొనును గాని దాని వేరు ఆహారమునకు పనికిరాదు. కనుక ఆ సంతతిని మరల మరల కర్రపెండలముతో కలిపి మంచి దుంపను సాధింపవలసి వచ్చెను. 1957లో ఆ కృషి ఆగిపోయెను. అదృష్టవశమున అంతకు మునుపే కొన్ని విత్తనములు నైజీరియా చేరియుండెను. వానినుండి ఏర్చిన 58308 అను రకము ఆధారముగా, 1971 నుండి ఇబడాన్‌లోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో కొరియా శాస్త్రజ్ఞుడు సాంగ్ కీ హాన్ కొత్త రకములను రూపొందించెను. 1990 దశకములో మొజాయిక్ విజృంభించి యుగాండా పొలములను పాడుచేయగా, ఆ కుదురునకు చెందిన రకములే సాగును తిరిగి నిలబెట్టెను.

పిమ్మట జీవసాంకేతిక శాస్త్రము తోడయ్యెను. చిగురుకొనలోని సూక్ష్మభాగమును గాజునాళికలో పెంచి, వైరసు లేని మొక్కలను దేశదేశములకు పంపగలిగిరి. మరియొక శత్రువు గోధుమచార తెగులు. పైన మొక్క పచ్చగనే యుండును. త్రవ్విన పిమ్మట దుంప కుళ్ళినదని తెలియును. ఆ వైరసు జన్యుపదార్థపు తునకను మొక్కలో చేర్చినచో, మొక్క కణములే వైరసును గుర్తించి ఖండించును. ఇట్టి కర్రపెండలమును పొలములలో పరీక్షించుటకు 2021లో కెన్యా జీవభద్రతా సంస్థ ఆమోదము తెలిపెను.

ఆమోదము లభించినంతనే రైతు గాదె నిండదు. అమానిలో ఆరంభమైన సంకరము యుగాండా రైతును చేరుటకు సుమారు అరువది ఏండ్లు పట్టెను. నడుమ ఆ కొద్ది విత్తనములు పంపబడక పోయినచో ఆ శ్రమ ఏమై యుండెడిది? ఫలము వెంటనే కానరాలేదని పరిశోధనాలయమును మూయదలచు వారు ఈ ప్రశ్న వేసికొనవలెనని మా మనవి.