గృహమధ్యంలో హోమం: దత్తస్వీకార చరిత్రలో ఒక విస్మృత ప్రశ్న

దత్తత అనగానే మనవారికి పిండోదకాలు, ఆస్తి స్ఫురిస్తాయి. శిశువు క్షేమాన్ని విచారించేది ఆధునిక శాసనమే అనే అభిప్రాయం పండితులలో సైతం ఉన్నది. ప్రాచీన గ్రంథాలను నిదానంగా పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలువదు.

ఐతరేయ బ్రాహ్మణం సప్తమ పంచికలోని శునఃశేపోపాఖ్యానాన్ని స్మరిద్దాం. అజీగర్తుడు నూరు గోవులకు మధ్యమ పుత్రుని విక్రయించాడు. మరి నూరింటికి యూపానికి బంధించాడు. ఇంకొక నూరింటికి వధించడానికి సిద్ధపడ్డాడు. దేవతానుగ్రహంతో విముక్తుడైన బాలుడు విశ్వామిత్రుని అంకాన్ని ఆశ్రయించాడు. తండ్రి పిలిచినా వెళ్లలేదు. ఆంగిరసుడనైన తాను ఆయనకు పుత్రుడెట్లు కాగలడో, ఆ ఇంటి కుమారులు తనను అంగీకరిస్తారో లేదో అడిగి తెలుసుకొన్నాడు. సమ్మతింపని ఏబదిమంది జ్యేష్ఠులను విశ్వామిత్రుడు శపించగా, వారి సంతతి ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులైనారని బ్రాహ్మణవచనం. మన జాతినామం కనిపించే అతిప్రాచీన స్థలాలలో ఇది ఒకటి. ఆశ్రయం కోరిన బాలుని ఇంటిలోనికి రానీయని వారి ప్రసంగంలో ఆ పేరు రావడం మనం ఆలోచించవలసిన విషయం.

వసిష్ఠ ధర్మసూత్రం దత్తస్వీకారానికి విధిని చెప్పినది. బంధువులను సమావేశపరచాలి, రాజుకు నివేదించాలి, గృహమధ్యంలో వ్యాహృతులతో హోమం చేయాలి. హోమం గృహమధ్యంలోనే ఎందుకో సూత్రకారుడు వివరించలేదు. అయినా ఫలితం స్పష్టం: శిశువు ప్రవేశించబోయే ఇల్లు బంధువుల కంటబడుతుంది, రాజు ఎరుకలో ఉంటుంది.

పాశ్చాత్యులు ఈ దృష్టికి వేరొక మార్గంలో చేరారు. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం 1851లో చేసిన శాసనం, దత్తత కోరువారు శిశువును పోషించగలరని న్యాయాధీశునికి నమ్మకం కలగాలన్నది. మిన్నెసోటా 1917లో ఆ ఇంటి విచారణను విధిగా చేసింది. నేడు హోమ్ స్టడీ అనబడే గృహపరిశీలన ఆ క్రమంలో రూపొందినదే.

రెండవ ప్రశ్న మరింత సూక్ష్మం. దత్తపుత్రునికి జనకుని గోత్రరిక్థాలు ఉండవని మనువు చెప్పాడు. కాని ధర్మశాస్త్రమే ద్వ్యాముష్యాయణుని కూడా అంగీకరించింది. ఇతడు ఒప్పందాన్ని అనుసరించి ఇద్దరు తండ్రులకూ పుత్రుడు. ఇరువురికీ పిండం పెడతాడు, ఇరువురి రిక్థాన్నీ పొందుతాడు. అనగా, పూర్వబంధాన్ని తెంచకుండా మరొక బంధాన్ని చేర్చవచ్చునన్న భావన మనకు నూతనం కాదు. 1993లో వెర్మాంట్, మాసచూసెట్స్ సర్వోన్నత న్యాయస్థానాలు కన్నతల్లి హక్కు తొలగకుండానే, ఆమెతో కలిసి శిశువును పెంచుతున్న అవివాహిత సహచరికి మాతృస్థానం ఇచ్చాయి. సాదృశ్యం సంపూర్ణం కాదు. ద్వ్యాముష్యాయణ విధి వంశరక్షణకు, ఈ తీర్పులు శిశురక్షణకు ఉద్దేశింపబడినవి. అయినా నిర్మాణం ఒక్కటే.

భారతదేశంలో 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం ప్రకారం దత్తహోమం అనివార్యం కాదు. ఒకే శిశువును ఇద్దరు వేర్వేరుగా ఏకకాలంలో దత్తు తీసుకోరాదు. 2022 దత్తత నియమావళి గృహపరిశీలనను విధించింది. కాని దంపతులకు రెండేండ్ల స్థిర వైవాహిక జీవనం ఉండాలన్నది. బంధువుల దత్తత, సవతి తల్లిదండ్రుల దత్తత మాత్రం దీనికి మినహాయింపు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పంచసభ్య ధర్మాసనం ముగ్గురి ఆధిక్యంతో ఆ నియమాన్ని నిలిపింది; ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు.

ఫలితమేమి? అవివాహితులిద్దరు ఒక శిశువును పెంచుతుంటే చట్టదృష్టిలో ఒకరే తల్లి లేదా తండ్రి. ఆ ఒక్కరు మరణిస్తే, అన్నం తినిపించిన రెండవ చేయి ఆ బిడ్డకు పరాయిదవుతుంది.

వివాహం సంస్కారం; దాని స్థానాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కాని వివాహం లేని ఇంటిని చూడనైనా చూడకుండా అనర్హమని నిర్ణయించడం వసిష్ఠుని పద్ధతి వంటిది కాదు. ఇంటిలో ప్రవేశించి, నలుగురి సమక్షంలో విచారించి, ఆపైన అంగీకరించవచ్చు, నిరాకరించవచ్చు. ఇప్పటికే అక్కడ పెరుగుతున్న శిశువుకు ఆ విచారణ ఒక హక్కు.

అజీగర్తుడు సభార్యుడే. తండ్రి జ్యేష్ఠుని, తల్లి కనిష్ఠుని తమవాడన్నారు. మధ్యముని తనవాడని చెప్పినవారు ఆ ఇంట ఎవరూ లేరు.