పాకాల చుట్టు పది రూపాయల పందెం

ఆ మొద్దు జెర ఇటు జరుపు బిడ్డా, పొగంత నా మొకం మీదికే వస్తున్నది. ఆఁ, ఇప్పుడు మంచిగున్నది.

నువ్వు దోస్తులతోని గండిపేట చుట్టు సైకిల్ తొక్కొచ్చినవంట గద? ఫోన్ల ఫొటోలు జూసిన. నెత్తికి టోపి, చేతులకు గ్లౌజులు, సైకిల్‌కు గేర్లు. మంచిదే. మేం తొక్కింది పాకాల చెరువు చుట్టు. ఆ ముచ్చట మీ నాయినకు చిన్నగున్నప్పటి సంది చెప్పుకుంటనే వచ్చిన గని, అండ్ల సగం అబద్ధం. ఇయ్యాల అసలుది చెప్త, ఇనుండ్రి.

1976, సంక్రాంతి సెలవులు. నర్సంపేటల అయిదుగురం దోస్తులం, సైకిళ్లు నాలుగు. రెండు ఇంటియి, రెండు కిరాయియి. కిరాయి సైకిల్ కావాలంటే తెలిసినోడు పూచీ ఉండాలె. షాపాయన ఒక బుక్కుల పేరు, టైము రాసుకొని, రోజంతటికి రెండు రూపాయలు తీస్కుంటుండె. వెనుక మడ్‌గార్డు మీద తెల్లరంగుతోని నంబరు. నాకు ఏడో నంబరొచ్చింది. బ్రేకు పడితె సప్పుడొచ్చేది గని బండి ఆగకపోయేది. ఆగాలంటే చెప్పు నేలకు రాయాల్సిందే.

పందెం పెట్టింది మా అయిదుగురిలనే ఒకడు, షావుకారి కొడుకు. "పాకాల కట్ట దాక ఎవడైన పోతడు, చెరువు చుట్టు తిరిగి రాండ్రి, పది రూపాయలిస్త" అన్నడు. పది రూపాయలంటే అప్పుడు అయిదుగురం సినిమా జూసి, మిర్చిలు తిన్నంక గూడ మిగిలేటియి. తమాష ఏందంటే, మాతోని వచ్చుడు గూడ వచ్చిండు. పందెం ఓడిపోతడేమో కండ్లార జూసుకోవాలె గద!

కోడి కూయకముందే ఎల్లినం. ఏడెనిమిది మైళ్ల తొవ్వ. ఆ సలికి హ్యాండిల్ పట్టుకున్న చేతి ఏళ్లు కట్టెలైనయి. అంగి లోపట పేపర్లు పెట్టుకున్నం, ఛాతికి సలి తాకకుంట. ఖానాపురం దాటినంక అడివి మొదలైంది. టేకాకులు రాలి తొవ్వంత పరుసుకొని ఉండె. చక్రం ఎక్కితే అప్పడం ఇరిగినట్టు పటపటమని సప్పుడు. అయిదోడు, మేం వాన్ని లంబుగాడు అంటుంటిమి, నా క్యారియర్ మీద కూసుండి కాళ్లు నేలకు రాసుకుంట వచ్చిండు. అంత పొడుగుండె వాడు.

కట్ట ఎక్కేసరికి పొద్దు పొడిసింది. ఒక దిక్కు నీళ్లు, ఆ నీళ్ల అవుతల గుట్టలు, గుట్టల మీద మంచు. ఎవ్వడు మాట్లాడలే. లంబుగాడు గూడ మాట్లాడలే అంటే మీరే అనుకోండ్రి.

ఆ కట్ట మైలుకు పైనే ఉంటది. గణపతిదేవుని కాలంల, 1213 ప్రాంతంల, జగదాళ ముమ్మడి కట్టించిండని శాసనముంది. కాకతీయులోళ్ల తెలివి ఏందో ఆడ నిలబడి జూస్తే ఎర్కయితది. రెండు గుట్టల నడుమ వాగు పోయే సందు జూసిండ్రు, ఆ సందును మూసిండ్రు, అంతే. నిండితే ముప్పై చదరపు కిలోమీటర్ల నీళ్లు. ఆ వాగే కిందికి పోయి మున్నేరై, ఖమ్మం పక్కపొంటి పారి కృష్ణల కలుస్తది.

మాకు అర్థం కానిది గూడ అదే. చెరువంటే మేం బండి గిర్రలెక్క గుండ్రంగ ఉంటదనుకున్నం. కట్ట ఒక్క దిక్కే గద! మిగిలిన మూడు దిక్కుల నీళ్లు ఏడ ఆగితే అదే గట్టు. గుట్ట గుట్ట సందులకు నీళ్లు ఏళ్లలెక్క చొచ్చుకపోయి ఉంటయి. కట్ట మీద పది నిమిషాలు రాజుల్లెక్క తొక్కినం. అటెనుక తొవ్వ పశువుల బాటయింది, బాట పొదలైంది, పొద బురదయింది. ఇగ మేం సైకిళ్ల మీద కాదు, సైకిళ్లే మా భుజాల మీద. అవుతలి ఒడ్డు కండ్ల ముంగటనే ఉంటది, ఒక్క చెయ్యి దూరమన్నట్టే. ఒక్కో నీటిపాయ చుట్టుకొని అక్కడికి పోవుడుకు గంట.

పన్నెండింటికి ఏడో నంబరుకు పంచరు. పెద్ద ముల్లు. ట్యూబు బయటికి గుంజినం. షాపుల పంచరు జూసెటానికి తట్టెడు నీళ్లు పెడ్తరు గద, మాకు పాకాలంత ఉంది. నీళ్లల ట్యూబు ముంచి మలుపుకుంట పోతే ఒక్క కాడ బుడగలొచ్చినయి, సన్నగ, వరుసగ, చేప పిల్ల నోరు తెరిసినట్టు. ఏలు పెట్టి పట్టుకున్న. ఇగ అతికిద్దామని లంబుగాడు సొల్యూషన్ డబ్బి పిసికితే, అండ్లకెల్లి గాలొచ్చింది. ఎప్పుడో ఎండిపోయింది. అందరం వాన్ని జూసినం. వాడు సకినాలు తింటున్నడు. సకినాల మూట నా దగ్గర పెట్టుకోక వానికిచ్చుడు నాదే తప్పు.

అప్పుడొచ్చిండు ఒక కోయ పెద్దాయన, మేకలు తోలుకొని. మమ్ములను, మా సైకిళ్లను, నీళ్లల నానిన ట్యూబును జూసి నవ్విండు. "చుట్టు తిరుగుతున్నం తాతా" అన్న. "దేని కోసం?" అన్నడు. షావుకారి కొడుకు "పది రూపాయల కోసం" అన్నడు. ఆయన ఇంకింత నవ్విండు. మేకలే ఆ దిక్కు పోవంట. మీరు తిరిగింది ఇంక సగం గూడ కాలేదు, పొద్దుగూకితే ఆడ ఉండొద్దు, జంతువులు నీళ్లకు దిగుతయి, వచ్చిన తొవ్వనే పట్టుండ్రి అన్నడు. ఎండుగడ్డి కోసి తాడు లెక్క పేని, ట్యూబు తీసేసిన టైర్ల కూరిండు. గట్టిగ, బొటనఏలుతోని కొంచెం కొంచెం నెట్టుకుంట. బండి నడిసింది. ఎగురుకుంట నడిసింది గని నడిసింది.

వాపసొచ్చేసరికి చీకటయింది. లైటున్నది ఒక్కటే సైకిల్, డైనమోది. దాన్ని ముంగట పెట్టి మేం నలుగురం దాని వెనుకనే. డైనమో టైరుకు ఒరుసుకుంట జుయ్యిమని మోగుతుండె. తొక్కుడు తగ్గితే ఎలుగు గూడ తగ్గేది. ఎత్తు రాంగనే దీపం గుడ్డిదయితది, సరిగ్గ అప్పుడే అడివిల ఏదో కణుజు కూసింది. పులిని జూస్తేనే కూస్తదని లంబుగాడు నా ఈపు ఎనుకనుంచి చెప్పిండు. ఇగ ఆ ఎత్తును మేం ఎట్ల ఎక్కినమో నాకు ఇప్పటికి తెల్వది. గడ్డి టైరుతోని, ఇద్దరి బరువుతోని.

ఖానాపురం కాడ హోటల్ల చాయ్ తాగుకుంట షావుకారి కొడుకే అన్నడు, "ఊర్ల ఏమని చెప్దాం?" సగంల మలిగినమంటే నవ్వుతరు. చుట్టు తిరిగొచ్చినమనే చెప్పాలె. అట్ల చెప్తే వాడు పందెం ఓడినట్టు, పది రూపాయలు ఇయ్యాలె. గోడకు ఆనుకొని చానసేపు ఆలోచన జేసి, "ఇస్త" అన్నడు. నలుగురు నవ్వుడు కంటె పది రూపాయలు పోవుడు నయమనుకున్నడు. షావుకారి లెక్క! కిరాయి షాపాయన ఏడో నంబరు టైర్లకెల్లి గడ్డి గుంజుకుంట తిట్టిన తిట్లకు అండ్ల మూడు రూపాయలు పోయినయి.

మొన్న లగ్గం కాడ కలిసిండు షావుకారి కొడుకు. కట్టె పట్టుకొని నడుస్తున్నడు. మనుమరాలికి నన్ను సూపిచ్చి, "ఈ తాత నాకు పది రూపాయలు బాకీ" అన్నడు.

ఇయ్యలే. ఇంక సగం చెరువు తిరిగేది ఉన్నది గద. ఏమాయె, మంట సల్లారుతున్నది, ఆ కొమ్మ లోపటికి నెట్టు.