పటమునకు మూడవ కొలత

పాఠశాల గోడకు వ్రేలాడు పటమునకు పొడవు, వెడల్పు అను రెండు కొలతలే కలవు. కాని ఏ ఊరును బల్లపరుపుగా ఉండదు. మేడలు, మెరకలు, వంకలు, చెరువుకట్టలు కలిసియే ఊరు. నగరమును దాని ఎత్తుపల్లములతో కంప్యూటరు తెరపై చూపు పటములు నేడు వచ్చినవి. ఈ మూడవ కొలతను సాధించిన చరిత్రలో తెలుగు నేలకును భాగము కలదు.

1802లో మద్రాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ చెంత విలియం లాంబ్టన్ సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను కొలిచి త్రిభుజ సర్వేను ప్రారంభించెను. ఒక భుజము, దానిపై రెండు కోణములు తెలిసినచో మిగిలిన భుజములు లెక్కకు వచ్చునని విద్యార్థులు ఎరుగుదురు. కొండలపై థియొడొలైటును నిలిపి కోణములు కొలుచుచు ఆ సర్వే అనంతపురం సీమకు వచ్చినది. లెక్క సరిచూచుటకు 1811లో గుత్తి వద్ద మరొక ఆధారరేఖను కొలిచిరి. నిలువు కోణమును కొలిచినచో కొండ ఎత్తు కూడ తెలియును. అయితే ప్రతి వీధికి, ప్రతి ఇంటికి ఎత్తు కొలుచుట ఆ పద్ధతిలో అయ్యెడు పని కాదు.

ఆ ఎత్తులతో పనియేమని అడుగవచ్చును. నీరు పల్లమెరుగునని సామెత. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని బలిగొన్నది. పల్లమెక్కడ కలదో నీటికన్న ముందుగా మనకు తెలియవలెను.

ఒక కన్ను మూసికొని సూదిలో దారమెక్కించి చూడుడు. దూరము సరిగా అందదు. రెండు కన్నులు రెండు చోట్లనుండి చూచుటవలననే మనకు లోతు తెలియుచున్నది. 2005 మే 5న శ్రీహరికోటనుండి ఎగసిన కార్టోశాట్-1 ఇదే పనిని ఆకాశమునుండి చేసినది. దాని కెమెరాలలో ఒకటి ముందుకు 26 డిగ్రీలు, మరియొకటి వెనుకకు 5 డిగ్రీలు వంగి యుండెను. ఎత్తయిన వస్తువు రెండు చిత్రములలోను ఒకేచోట కనబడక కొంత జరిగి కనబడును. ఆ జరుగుడును బట్టి ఎత్తును గణించి దేశమంతటికి ఎత్తుల పటము సిద్ధము చేసిరి. 2009లో ప్రారంభమైన ‘భువన్’ ద్వారా హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము దానిని అందరికి అందించినది.

మేడల అంచులు తేటపడుటకు ఇంకను సూక్ష్మమైన కొలత కావలెను. అందుకు విమానమునుండి గాని డ్రోనునుండి గాని లేజరు కిరణమును నేలపైకి పంపి, అది తిరిగివచ్చు కాలమును కొలుతురు. 100 మీటర్ల ఎత్తునుండి పోయి వచ్చుటకు కాంతికి సెకనులో పది లక్షలవ వంతు కూడ పట్టదు! ఇట్లు వచ్చిన లక్షలాది బిందువులు నగరమునకు ఆకారమునిచ్చును. దానిపై ఛాయాచిత్రములను పరచగా గోడలు, కప్పులు నిజమువలె అగుపడును.

ఇట్టి పటముపై లెక్కలలోనే వాన కురిపించి, ఏ వీధి మునుగునో ముందే చూడవచ్చును. కరవు సీమయని పేరుపడిన అనంతపురము నగరములోనే 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినవి. అదే జ్ఞానము ధర్మవరము చెంతనున్న బత్తలపల్లె వంటి ఊళ్లకు మరొక విధముగ ఉపకరించును. అచ్చట వాన అరుదు. కురిసిన నీరు ఏ వాలున పారునో తెలిసినచో కుంట ఎక్కడ త్రవ్వవలెనో తెలియును. నగరమునకు నీటిని తప్పించుకొనుటకు, పల్లెకు నీటిని నిలుపుకొనుటకు కావలసినది ఒకే కొలత.

ఉపాధ్యాయులు భువన్‌లో తమ ఊరి చెరువును విద్యార్థులకు చూపి, దానిలోనికి నీరు వచ్చు వాలును గుర్తింపజేయుదురు గాక. పిదప ఆ దారివెంట నడిచి, పటములోని వంక నేలపై ఇంకను మిగిలియున్నదో, పూడిపోయినదో వారినే చూచి రమ్మనవలెను.