తొలినాటి అమెరికాలో ఈక్విటీ కోర్టుల ఇంజంక్షన్లు (అప్పు, జామీను వివాదాలు)

ఈక్విటీ కోర్టు ఇంజంక్షన్ అనగా ఒక వ్యక్తి ఒక పనిని చేయరాదని ఈక్విటీ న్యాయస్థానం జారీ చేసే నిషేధాజ్ఞ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 18వ శతాబ్దపు చివరి సంవత్సరాలలోను, 19వ శతాబ్దపు పూర్వార్థంలోను అప్పులు మరియు జామీనులకు సంబంధించిన వివాదాలలో వీటికి చాలా ప్రాముఖ్యత ఉండేది. సాధారణ న్యాయస్థానంలో తీర్పు పొందిన ఋణదాత దానిని అమలు జరిపించుకొనకుండా ఆపడం వీటి ముఖ్య ప్రయోజనం. ఒకరు చేసిన అప్పుకు మరొకరి ఆస్తి పోవలసి వచ్చినప్పుడు న్యాయం ఎవరి పక్షాన ఉండాలి అన్న ప్రశ్న ఈ వ్యాజ్యాలలో తరచుగా తలెత్తింది.

నేపథ్యం

ఇంగ్లాండులో సాధారణ న్యాయస్థానాలు, ఛాన్సరీ కోర్టు వేరువేరుగా ఉండేవి. న్యాయస్థానపు తీర్పు అమలును ఛాన్సరీ ఆపవచ్చునా అన్న వివాదం 1615లో ఆక్స్‌ఫర్డ్ ప్రభువు వ్యాజ్యంతో ముదిరింది. 1616లో రాజు మొదటి జేమ్స్ ఛాన్సరీకి అనుకూలంగా దానిని పరిష్కరించాడు. స్వాతంత్ర్యానంతరం న్యూయార్క్, వర్జీనియా వంటి రాష్ట్రాలు ప్రత్యేక ఛాన్సరీ కోర్టులను నడిపాయి. పెన్సిల్వేనియాలో అటువంటి కోర్టు లేదు. ఫెడరల్ కోర్టులలో ఒకే న్యాయమూర్తులు రెండు విధాలైన వ్యాజ్యాలను విచారించేవారు. అయితే సాధారణ న్యాయం ద్వారా సంపూర్ణమైన పరిహారం దొరికే చోట ఈక్విటీ దావా చెల్లదని 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టంలోని 16వ సెక్షన్ నిర్దేశించింది.

పని చేసే విధానం

సాధారణ న్యాయస్థానం ప్రధానంగా పత్రాన్ని చూసేది. ముద్ర వేసిన బాండు ఉంటే, దాని వెనుక ఉన్న మోసం, పొరపాటు లేదా నోటిమాట ఒప్పందం వంటివి ఋజువు చేయడం కష్టంగా ఉండేది. తీర్పు వెలువడిన తరువాత ఋణగ్రస్తుని సామగ్రి జప్తు కావచ్చును, అతడే చెరసాల పాలు కావచ్చును.

అటువంటి వ్యక్తి ప్రమాణ పూర్వకంగా ఛాన్సరీలో దావా దాఖలు చేసేవాడు. ఛాన్సరీ ఉత్తర్వు ఇచ్చినా న్యాయస్థానపు తీర్పు రద్దు కాదు. దానిని వాడుకోవద్దని ఋణదాతను మాత్రమే ఆదేశిస్తుంది. ఉల్లంఘిస్తే అది కోర్టు ధిక్కారం. ఇంజంక్షన్ కోరేవాడు సాధారణంగా జామీనుదారులతో కూడిన బాండు ఇవ్వవలసి వచ్చేది. అంటే ఒక జామీను వివాదం నుండి తప్పించుకొనడానికి కొత్త జామీనుదారులు అవసరమయ్యేవారు. ఋణదాత తన జవాబులో ఆరోపణలను ప్రమాణ పూర్వకంగా ఖండిస్తే తాత్కాలిక ఉత్తర్వు సామాన్యంగా రద్దయ్యేది. వాది చివరికి గెలిస్తే ఉత్తర్వు శాశ్వతమయ్యేది.

జామీనుదారుల రక్షణ

జామీనుదారుని సమ్మతి లేకుండా ఋణదాత అసలు ఋణగ్రస్తునికి గడువు పొడిగిస్తూ కట్టుబడే ఒప్పందం చేసుకుంటే జామీను రద్దవుతుందని ఇంగ్లాండులో రీస్ - బెరింగ్టన్ వ్యాజ్యం (1795) స్థిరపరచింది. అప్పు తీర్చిన జామీనుదారుడు వెంటనే ఋణగ్రస్తునిపై దావా వేయగలగాలి. గడువు ఒప్పందం ఆ హక్కును కట్టివేస్తుంది. అమెరికా కోర్టులు కూడా ఈ సూత్రాన్ని గ్రహించాయి. జామీనుదారుని బాధ్యతను ఒప్పందపు మాటలను మించి ఊహతో విస్తరించరాదని మిల్లర్ - స్టీవర్ట్ వ్యాజ్యంలో (1824) సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ జోసెఫ్ స్టోరీ ప్రకటించాడు. అందులో ఎనిమిది టౌన్‌షిప్పులకు సంబంధించిన నియామక పత్రంలో తొమ్మిదవదానిని చేర్చడంతో జామీనుదారులు బయటపడ్డారు.

కింగ్ - బాల్డ్విన్ వ్యాజ్యం

ఋణదాత గడువు ఇవ్వకుండా కేవలం ఊరకుంటే ఏమవుతుంది? అసలు ఋణగ్రస్తునిపై దావా వేయమని జామీనుదారుడు అడిగినా ఋణదాత కదలక, ఈలోగా ఋణగ్రస్తుడు దివాలా తీస్తే నష్టం ఎవరిది? ఋణదాతదేనని న్యూయార్క్ సుప్రీంకోర్టు పెయిన్ - ప్యాకార్డ్ వ్యాజ్యంలో (1816) తీర్పు చెప్పింది.

1814 నుండి 1823 వరకు న్యూయార్క్ ఛాన్సలర్‌గా ఉన్న జేమ్స్ కెంట్ దీనిని అంగీకరించలేదు. జామీనుదారుడైన కింగ్ తన ముందు వేసిన దావాను 1817లో కొట్టివేశాడు. జామీనుదారుడు తానే అప్పు తీర్చి ఋణగ్రస్తునిపై దావా వేయవచ్చునని, లేదా ఖర్చులకు హామీ ఇచ్చి, ఋణదాత చేత దావా వేయించమని ఛాన్సరీని కోరవచ్చునని ఆయన అభిప్రాయం. కింగ్ అప్పీలు చేశాడు. సెనేటర్లు, న్యాయమూర్తులు కలిసి కూర్చునే ఉన్నత అప్పీలు కోర్టులో 1819లో ఓట్లు సమానంగా చీలగా, లెఫ్టినెంట్ గవర్నరు నిర్ణాయక ఓటుతో కెంట్ తీర్పు తలక్రిందులైంది. ఈ సూత్రాన్ని కొన్ని రాష్ట్రాలు అనుసరించాయి, పెక్కు రాష్ట్రాలు తిరస్కరించాయి.

సుప్రీంకోర్టులో

జార్జియా - బ్రెయిల్స్‌ఫర్డ్ వ్యాజ్యంలో ఒక బ్రిటిషు ఋణదాతకు రావలసిన అప్పు, 1782 నాటి తన చట్టం ప్రకారం తనకే చెందుతుందని జార్జియా రాష్ట్రం వాదించింది. హక్కు ఎవరిదో తేలేవరకు ఆ సొమ్మును ఋణదాతకు చెల్లించరాదని సుప్రీంకోర్టు 1792లో ఇంజంక్షన్ ఇచ్చింది. 1794లో జ్యూరీ బ్రెయిల్స్‌ఫర్డ్ పక్షాన తీర్పు చెప్పింది.

పరిమితులు

నిర్లక్ష్యం చేసినవానికి ఈక్విటీ సాయపడదు. మెరైన్ ఇన్సూరెన్స్ కంపెనీ - హాడ్జ్‌సన్ వ్యాజ్యంలో (1813) ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ దీనిని వివరించాడు. తీర్పు అమలు మనస్సాక్షికి విరుద్ధమని చూపాలి. అంతేగాక ఆ వాదన న్యాయస్థానంలో వినిపించే వీలు లేకపోయి ఉండాలి, లేదా తన తప్పు లేకుండా మోసం వల్లగాని, ఆకస్మిక సంఘటన వల్లగాని వినిపించలేకపోయి ఉండాలి. రాష్ట్ర కోర్టుల విచారణలను ఆపుతూ ఫెడరల్ కోర్టులు ఇంజంక్షన్ ఇవ్వరాదని 1793 నాటి చట్టం నిషేధించింది.

తరువాతి కాలం

న్యూయార్క్ ఛాన్సరీ కోర్టు 1847లో రద్దయింది. ఫెడరల్ కోర్టులలో న్యాయ, ఈక్విటీ వ్యాజ్యాల విధానాలు 1938లో ఒకటిగా కలిశాయి. భారత కాంట్రాక్టు చట్టం (1872) లోను ఇవే ఆంగ్ల ఈక్విటీ సూత్రాలు కనబడతాయి. గడువు ఒప్పందం జామీనుదారుని విడిపిస్తుందని 135వ సెక్షన్, ఋణదాత కేవలం దావా వేయకుండా ఊరకుంటే విడిపించదని 137వ సెక్షన్ చెబుతున్నాయి.

ఇవి కూడా చూడండి

జేమ్స్ కెంట్
జోసెఫ్ స్టోరీ
భారత కాంట్రాక్టు చట్టం