లంకెబిందె దొరికితే ఎవరిది? ఏఐ మాట నమ్మి తవ్వొచ్చా?

ఇంటి పునాది తవ్వుతుంటే గడ్డపార దేనికో ఠంగున తగిలింది. మట్టి తొలగిస్తే చిన్న చెంబు, అందులో నాణేలు. ఒకప్పుడైతే ఊరి పెద్దకో, కంసాలికో చూపించేవారు. ఇప్పుడు ముందుగా ఫోన్ తీస్తున్నారు. ఫొటో పెట్టి 'ఇది ఏ కాలం నాటిది, ఎంత పలుకుతుంది?' అని ఏఐ చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. అది క్షణాల్లో రాజు పేరు, శతాబ్దం, ధర చెప్పేస్తుంది. అది నిజమో కాదో అలా ఉంచితే, చట్టం ప్రకారం చేయాల్సిన మొదటి పని వేరే ఉంది. అది చేయకపోతే రావాల్సిన వాటా పోతుంది, జైలు శిక్ష కూడా పడొచ్చు.

మెటల్ డిటెక్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, నిధుల వేట వీడియోలకు లక్షల వ్యూస్ వస్తున్నాయి. అందుకే ఈ వివరాలు తెలుసుకోవడం అవసరం.

మెటల్ డిటెక్టర్ నిజంగా ఏం చెబుతుంది?

డిటెక్టర్ కింద ఉండే కాయిల్‌లో కరెంటు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని పరిధిలో లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఆ మార్పును పసిగట్టి పరికరం బీప్ అంటుంది. సాధారణ పరికరాలతో చిన్న నాణెం జానెడు లోతు దాటితే పట్టుకోవడం కష్టం.

తెర మీద కనిపించే అంకె లోహం పేరు కాదు. ఆ వస్తువు విద్యుత్‌ను ఎంత బాగా ప్రసరింపజేస్తుంది, ఎంత పెద్దది, ఏ కోణంలో ఉంది అన్నదాన్ని బట్టి వచ్చే అంచనా మాత్రమే. అందుకే సన్నని బంగారు ఉంగరానికీ, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగుకూ దాదాపు ఒకే అంకె రావచ్చు. వజ్రం లోహం కాదు కాబట్టి డిటెక్టర్‌కు అసలు దొరకదు. తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతికేవారికి ఈ పరికరంతో పనిలేదు.

'ఏఐ డిటెక్టర్' అంటే?

కొన్ని పరికరాల్లో సిగ్నళ్లను వేరుచేయడానికి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానివల్ల అనవసరపు చప్పుడు కొంత తగ్గుతుంది, అంతవరకే. కాయిల్‌కు అందని లోతును సాఫ్ట్‌వేర్ చూడలేదు. 'కిలోమీటరు దూరంలోని బంగారాన్ని ఏఐ చూపిస్తుంది', 'శాటిలైట్ ఫొటో పంపితే నిధి చోటు చెబుతాం' అనే ప్రకటనలకు శాస్త్రీయ ఆధారం లేదు. అంజనం వేసి నిధి చూపిస్తామన్న పాత మోసానికే కొత్త పేరు పెట్టారనుకోవాలి. బిందెల కొద్దీ బంగారం బయటపడుతున్నట్టు వీడియో తయారు చేయడం కూడా ఏఐతో ఇప్పుడు పెద్ద పని కాదు.

పెద్ద సంస్థల పరికరాల రీడింగులు కూడా నిధికి హామీ కావు. 2013 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా డౌండియాఖేడాలో వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక సాధువు కలగన్నారు. భూగర్భ సర్వే సంస్థ పరికరాలతో పరిశీలించాక భారత పురావస్తు సర్వే సంస్థ తవ్వకాలు చేపట్టింది. బంగారం దొరకలేదు. 2017 డిసెంబర్‌లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే తవ్వినా ఎముకలు, ఇటుకలు కనిపించాయి తప్ప నిధి బయటపడలేదు.

మరి ఏఐతో ఉపయోగం లేదా?

ఉంది, కానీ అది నిపుణుల చేతిలో. పెరూలోని నాజ్కా ఎడారిలో నేలపై గీసిన ప్రాచీన బొమ్మలున్నాయి. జపాన్‌లోని యమగాట విశ్వవిద్యాలయం, ఐబీఎం పరిశోధకులు విమానం నుంచి తీసిన ఫొటోలను ఏఐతో జల్లెడ పట్టి, కొత్తగా 303 బొమ్మలను గుర్తించినట్టు 2024లో ప్రకటించారు. అయితే ఏఐ అనుమానం ఉన్న చోట్లు మాత్రమే చూపింది. అక్కడికి నడిచి వెళ్లి నిర్ధారించింది మనుషులే. అది చూసింది కూడా నేల పైభాగాన్నే, భూమి లోపలిని కాదు.

నాణెం ఫొటో విషయంలోనూ అంతే. బరువు, లోహం స్వచ్ఛత, పోతపోసిన నకిలీయా అన్నవి ఫొటోలో తెలియవు. ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నది కాలాన్ని నిర్ణయించడంలో కీలకం. తవ్వి చిందరవందర చేస్తే ఆ ఆధారం శాశ్వతంగా పోతుంది.

డిటెక్టర్ ఉంటే ఎక్కడైనా తవ్వొచ్చా?

కుదరదు. రక్షిత పురావస్తు ప్రదేశాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధం. రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేసినా, దెబ్బతీసినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రాష్ట్రాల రక్షణలో ఉన్న కోటలు, గుళ్లకు వేరే చట్టాలున్నాయి. ఇతరుల పొలంలోకి అనుమతి లేకుండా వెళ్తే అదీ నేరమే.

బ్రిటన్‌లో ఇది హాబీ కదా అని చాలామంది అడుగుతారు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక హాబీదారుకు దొరికిన ఆంగ్లో శాక్సన్ బంగారు నిధి విలువను 32.85 లక్షల పౌండ్లుగా లెక్కగట్టి, ఆ సొమ్మును ఆయనకూ భూ యజమానికీ పంచారు. అయితే అక్కడా భూ యజమాని అనుమతి తప్పనిసరి. నిధిని 14 రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి తెలపాలి.

నిధి దొరికితే ఏం చేయాలి?

మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. భూమిలో దాగి ఉండి దొరికిన, 10 రూపాయలకు మించి విలువైన ఏ వస్తువైనా దీని పరిధిలోకి వస్తుంది.

1. తవ్వడం అక్కడితో ఆపండి. వస్తువులను కడగొద్దు, చింతపండుతో తోమొద్దు. అక్షరాలు, ముద్రలు చెరిగిపోతాయి.
2. ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు తీసి పెట్టుకోండి.
3. వీలైనంత త్వరగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపండి. ఏం దొరికింది, సుమారు విలువ, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాయాలి. తహసీల్దార్ కార్యాలయంలో ఇస్తే రసీదు తీసుకోండి.
4. నిధిని దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని హామీ ఇవ్వాలి.
5. తవ్విన కూలీ ఒకరు, స్థలం మరొకరిదైతే ఇద్దరి పేర్లూ రాయండి. ఎవరికి దొరికిందన్నది కలెక్టర్ విచారణలో తేలే ముఖ్యాంశం.

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుండగా బంగారు, వెండి నగలున్న పాత్ర బయటపడింది. విషయం అధికారులకు చేరి, వారు వాటిని స్వాధీనం చేసుకున్నారు.

ఎవరికి ఎంత వాటా?

కలెక్టర్ ప్రకటన ఇచ్చి, హక్కుదారులు ముందుకు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలల్లోపు ఒక తేదీ పెడతారు. వందేళ్లలోపు తమవారే దాచారని రుజువు చేసుకునేవారికి కోర్టుకు వెళ్లే అవకాశం ఉంటుంది. ఎవరూ రాకపోతే యజమాని లేని నిధిగా ప్రకటిస్తారు. అప్పుడు దొరికించుకున్న వ్యక్తికి ముప్పావు వంతు, స్థల యజమానికి పావు వంతు చెందుతుంది. ఇద్దరి మధ్య ముందే ఒప్పందం ఉంటే దాని ప్రకారం పంచుతారు. స్థల యజమానిగా ఎవరూ హక్కు కోరకపోతే మొత్తం దొరికించుకున్న వ్యక్తికే.

ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువకు మరో ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. అంటే లోహం విలువ లక్ష అయితే 1.20 లక్షలు. కొన్ని రాష్ట్రాలు ఈ చట్టానికి సవరణలు చేసుకున్నాయి కాబట్టి, వాటా లెక్కను కలెక్టర్ కార్యాలయంలోనే ఖరారు చేసుకోండి.

చెప్పకుండా దాచితే?

రావాల్సిన వాటా ప్రభుత్వానికి పోతుంది. ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దాచడానికి సహకరించిన స్థల యజమానికి ఆరు నెలల వరకు శిక్ష ఉంటుంది.

ఆన్‌లైన్‌లో అమ్మొచ్చా?

నిధిగా దొరికినదాన్ని కలెక్టర్ నిర్ణయానికి ముందు అమ్మకూడదు. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలు, నాణేల వంటి పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు ఉంటుంది.

'మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు పన్ను కట్టండి' అని ఎవరైనా అడిగితే మోసమే. పాత నోట్లు, నాణేల కొనుగోలు పేరుతో తమ పేరు వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఏఐని అడగడంలో తప్పు లేదు. కలెక్టర్‌కు చెప్పాకే అడగండి.