ధారపోసిన నేల, వదులుకున్న హక్కు

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే చైతన్యపురి వస్తుంది. అక్కడ మూసీ ఒడ్డున, ఫణిగిరి కాలనీలో కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. ఆ గుట్ట బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చెక్కిన శాసనం గోవిందరాజ విహారాన్ని, అక్కడి పిండపాతిక (భిక్షాన్నంతో జీవించే) బౌద్ధ భిక్షువులను పేర్కొంటుంది. అది విష్ణుకుండినుల కాలం నాటిది. అంటే హైదరాబాద్ పుట్టడానికి వెయ్యేళ్లకు ముందే ఈ నేల మీద ఎవరో తమదైనదాన్ని ఆ భిక్షువుల కోసం విడిచిపెట్టారు. అంతటి సాక్ష్యం మన కాలనీల మధ్యే ఉందని ఎందరికి తెలుసు?

ఆ కాలంలో దానం నోటిమాటతో తీరేది కాదు. పుచ్చుకునేవారి చేతిలో దాత నీళ్లు ధారగా విడవాలి. కాకతీయుల నాటి తెలుగు శాసనాల్లో ‘ధారాపూర్వకంగా’, ‘ధారవోసి’ అన్న మాటలు అడుగడుగునా కనిపిస్తాయి. పత్రం చదవలేని ఊరికి కూడా ఆ ధార కళ్లెదుట కనబడే రుజువు. జారిన నీరు వెనక్కి రాదు, ఇచ్చిన హక్కూ అంతే. బలి చక్రవర్తి కథలో శుక్రాచార్యుడు కలశం కొమ్ముకు అడ్డుపడింది ఇందుకే: నీరు పడకపోతే దానం జరగనట్టే.

ఆ ఆచారమే క్రియాపదమై మన నోళ్లలో నిలిచింది. ఆస్తి ధారపోశాడంటాం, ఆశలకు నీళ్లొదులుకున్నామంటాం. ‘వదులు’కు ‘కొను’ చేరితే పోయేది మనదే, విడిచేదీ మనమే. ఆ చిన్న సహాయక క్రియలో సొంత ఇష్టం ఇమిడి ఉంది.

తర్వాతి కాలంలో నీళ్ల స్థానంలోకి కాగితం వచ్చింది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఖర్చుల కింద, సర్ఫ్-ఎ-ఖాస్‌గా ఉండేది. 1949లో ఫర్మానాతో ఆ భూముల మీద హక్కును ఆయన ప్రభుత్వానికి వదిలేశారు. అదే ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1951 ఏప్రిల్ 18న ఎల్బీనగర్‌కు తూర్పున ఉన్న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ముందు 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది.

ఇప్పుడీ తూర్పు హైదరాబాద్‌లో ‘వదులుకోవడం’ అన్న మాట ఎక్కువగా వినిపించేది రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర, ‘హక్కు విడుదల దస్తావేజు’ అనే పేరుతో. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ పత్రం రాసిచ్చేది చాలాసార్లు ఆడపడుచే. ‘నాకు గాని, నా వారసులకు గాని ఎలాంటి హక్కూ లేదు’ అన్న వాక్యం కింద ఆమె సంతకం పెడుతుంది. పసుపు కుంకుమల కింద అంతకుముందే ఏదో ఇచ్చామన్నది పుట్టింటివారి సమాధానం.

నిజానికి హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టసవరణ పెళ్లయినవారికీ ఆ హక్కు కల్పించింది. అది పుట్టుకతో వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తోబుట్టువుల మీది ప్రేమతో, తెలిసి వదులుకుంటే అది దానమే. తెలియక సంతకం పెడితే దాన్ని ఆ పేరుతో పిలవకూడదు. ఇంట్లో అలాంటి దస్తావేజు తయారవుతుంటే, సంతకానికి ముందు అందులోని ప్రతి మాటా ఆమెకు చదివి వినిపించండి.