కొండనాలుకకి మందేస్తే...

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అక్క నా చేతిలో ఫోను పెట్టి "ఇది చూడరా" అంది. మా మేనల్లుడు నిద్రపోతున్న వీడియో. ఆరేళ్ళ పిల్లాడికి అరవయ్యేళ్ళ గురక! కాసేపటికి ఆ గురక టక్కున ఆగిపోయింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది గానీ గాలి చప్పుడు లేదు. నేను మనసులో లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర వాడు ఉలిక్కిపడి, ఒక్కసారిగా గాలి పీల్చుకుని అటు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ గురక మొదలు.

మాది కాట్రేనికోన. కాకినాడలో చూపిస్తే, గొంతులో టాన్సిల్సూ ముక్కు వెనకాల ఎడినాయిడ్సూ పెరిగి దారి మూసేస్తున్నాయి, తీసేద్దాం అన్నారట డాక్టరు గారు. అంతే, ఇల్లు రెండు పార్టీలయింది. బావగారి అమ్మగారు "ఏం బాబూ, పసిపిల్లోడి గొంతులో కత్తి పెట్టిస్తారా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట" అని నా మీద పడ్డారు. బావ వాదన వేరు. "పెద్దయితే అవే కరుగుతాయి, ఆగుదాం." అక్కకి మాత్రం ఆ పద్నాలుగు అంకెలే కళ్ళముందు. "నువ్వు ఆ కంప్యూటర్లో చూసి చెప్పరా" అంది. సాఫ్ట్‌వేర్ వాడంటే మా ఊళ్ళో సర్వజ్ఞుడు, ప్రింటరు బాగుచెయ్యడంతో సహా :)

చూద్దామని కూర్చుంటే చరిత్రలో పడ్డాను. అత్తగారి సామెతకి నిజంగానే రెండు వేల ఏళ్ళ వెనక్కి వెళ్ళే నేపథ్యం ఉందని తేలింది.

సుశ్రుత సంహితలో అంగిట వచ్చే రోగాల్లో గలశుండిక ఒకటి, అంటే మన కొండనాలుక వాపు. దాన్ని మండలాగ్రం అనే కత్తితో మూడో వంతు మాత్రమే కొయ్యాలంటాడు సుశ్రుతుడు. ఎక్కువ కోస్తే రక్తం పోయి మనిషి చచ్చిపోవచ్చు, తక్కువ కోస్తే వాపు మిగులుతుంది. ఇంచుమించు టాన్సిల్స్ వాపులాంటి తుండికేరికి కూడా ఇదే పద్ధతి అంటాడు. రోము వైపు వస్తే, ఒకటో శతాబ్దపు సెల్సస్ టాన్సిల్‌ని వేలితో చుట్టూ వదులు చేసి పెరికెయ్యమన్నాడు, అలా రాకపోతే కొక్కెంతో లాగి కొయ్యమన్నాడు. మత్తుమందు లేని రోజులు! 1828లో ఫిలడెల్ఫియాలో ఫిలిప్ సింగ్ ఫిజిక్ అనే ఆయన కొండనాలుక కోసే పరికరాన్నే మార్చి టాన్సిల్ కోసే గిలటిన్ తయారుచేశాడు.

అప్పటిదాకా ముక్కు వెనకాల ఏముందో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. 1868లో కోపెన్‌హాగన్ డాక్టరు విల్హెల్మ్ మేయర్, చెవులు సరిగ్గా వినపడక, ముక్కు మూసుకుపోయి వచ్చిన ఒక యువతి నోట్లో వేలు పెట్టి అంగిలి వెనకాల తడిమి చూశాడు. మెత్తగా ఏదో పెరిగి ఉంది. అదే ఎడినాయిడ్. 1889లో విలియం హిల్ అనే ఇంగ్లీషు డాక్టరు, బళ్ళో మొద్దబ్బాయిలు అనిపించుకునే కొందరు పిల్లల సమస్య బుర్రలో కాదు, ముక్కులో ఉందని రాశాడు. 1892లో ఆస్లర్ తన వైద్య పాఠ్యగ్రంథంలో నోరు తెరుచుకుని పడుకుని, రాత్రంతా గురకపెట్టి, పగలు మందంగా ఉండే పిల్లాణ్ణి వర్ణించాడు. మా వాడి టీచరు కూడా "క్లాసులో తూగుతాడు, ధ్యాస ఉండదు" అని రాసి పంపింది. అక్క వాణ్ణి తిట్టింది కూడా.

అంటే అసలు విషయం 1892 నాటికే చేతికి అందింది. కానీ తర్వాతి యాభై ఏళ్ళు కథ పక్కదారి పట్టింది. టాన్సిల్స్‌లోనూ పళ్ళలోనూ దాక్కున్న క్రిములే కీళ్ళనొప్పుల నుంచి కిడ్నీ జబ్బుల దాకా కారణమని షికాగోలో బిల్లింగ్స్ లాంటి పెద్ద డాక్టర్లు ప్రచారం చేశారు. ఇక కనపడ్డ టాన్సిల్ల్లా తీసెయ్యడమే. "ఊపిరి అందుతోందా" అని అడగడం మానేసి, "ఎంత పెద్దగా ఉన్నాయి" అని చూడటం మొదలైంది.

నాకు బాగా నచ్చిన కథ ఇక్కడే ఉంది. 1934లో వెలువడిన అమెరికన్ చైల్డ్ హెల్త్ అసోసియేషన్ నివేదిక. న్యూయార్క్‌లో వెయ్యిమంది బడిపిల్లల్ని చూస్తే 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకి చూపిస్తే 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. 'అక్కర్లేదు' అనిపించుకున్న 215 మందిని వేరే డాక్టర్లకి చూపించారు. వాళ్ళు 99 మందికి కావాలన్నారు. మిగిలిన 116 మందిని మూడో జట్టుకి చూపిస్తే 51 మంది. చివరికి మిగిలింది 65 మంది, అదీ చూడటానికి డాక్టర్లు అయిపోయారు కాబట్టి!

ఎవర్ని ముందు నిలబెట్టినా నూటికి 45 మంది. మన కంపెనీల బెల్ కర్వ్ అప్రైజల్ గుర్తొచ్చిందా? టీం అంతా బాగా పనిచేసినా ఎవరో ఒకరికి అడుగు రేటింగ్ ఇచ్చి తీరాలి. ఆ డాక్టర్లు మోసగాళ్ళేం కాదు. కొలబద్ద లేనప్పుడు కళ్ళు పక్కవాడితో పోల్చి తూకం వేస్తాయి. 1938లో గ్లోవర్ అనే ఆయన ఇంగ్లండు బడిపిల్లల లెక్కలు తీస్తే, జిల్లాకి జిల్లాకి పొంతన లేదు. హార్న్‌సీ అనే చోట బడుల వైద్యాధికారి మారగానే ఆపరేషన్లు దాదాపు పదో వంతుకి పడిపోయాయి. పిల్లలు వాళ్ళే, గొంతులు అవే, ఆఫీసరు మారాడంతే.

తర్వాత పెన్సిలిన్ వచ్చింది. టాన్సిల్స్ తీసిన పిల్లలకి పోలియో సోకితే మరీ ప్రమాదకరమైన రూపంలో వస్తోందనే భయమూ తోడయింది. అయినా 1959లో ఒక్క అమెరికాలోనే 14 లక్షల ఆపరేషన్లు, 1979కి ఐదు లక్షలు. 1984లో పిట్స్‌బర్గ్ నుంచి పారడైజ్ ఒక కొలబద్ద ఇచ్చాడు: గొంతునొప్పి ఏడాదిలో ఏడుసార్లు, లేదా రెండేళ్ళపాటు ఏటా ఐదుసార్లు, లేదా మూడేళ్ళపాటు ఏటా మూడుసార్లు వస్తేనే ఆలోచించండి అని. బావ వాళ్ళ పెదనాన్నగారి పిల్లలకి ఆపరేషన్ లేకుండా తగ్గింది ఈ గొంతునొప్పే. మా వాడి కేసు అది కాదు. వాడికి గొంతునొప్పులు దాదాపు లేవు.

మా వాడి కేసుకి పేరొచ్చింది ఈమధ్యే. నిద్రలో ఊపిరి ఆగడాన్ని 1965లో యూరప్‌లో పెద్దవాళ్ళలో రికార్డు చేశారు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో, ఆయనతో పనిచేసినవాళ్ళు ఎనిమిదిమంది పిల్లల గురించి రాశారు. గురక, మధ్యమధ్యలో నిశ్శబ్దం, పగలు తూగడం, చదువులో వెనకబడటం, పొద్దున్నే తలనొప్పి, కొత్తగా పక్క తడపడం. ఈ ఆఖరిది చదివి ఫోన్ చేస్తే అక్క కాసేపు మాట్లాడలేదు. దాచిపెట్టిందట, పిల్లాడి పరువు పోతుందని.

మరి బావ మాట తప్పా? పూర్తిగా కాదు. 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి వెంటనే ఆపరేషన్, ఇంకొకరికి ఏడు నెలలు ఆగి చూడటం అన్న ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ చేసినవాళ్ళలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ఆగినవాళ్ళలో కూడా 46 శాతం మందికి దానంతటదే మామూలయింది! ధ్యాస పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, ప్రవర్తనా నిద్రా మాత్రం ఆపరేషన్ గుంపులో బాగుపడ్డాయి. స్వల్పంగా ఉన్న పిల్లల మీద 2023లో వచ్చిన ఫలితాలూ ఇదే దారిలో ఉన్నాయి, పైగా రక్తపోటు కొంచెం మెరుగైంది. అయితే జబ్బు మరీ తీవ్రంగా ఉన్న పిల్లల్ని 2013 ప్రయోగంలోకి తీసుకోలేదు. కాబట్టి ఆగుదామా వద్దా అనేది మా వాడు ఏ గుంపువాడో తెలిస్తేనే తేలుతుంది. వీడియోతోనూ, టార్చిలైటు వేసి గొంతు చూడటంతోనూ అది తేలదు.

అందుకని బావని ఒప్పించింది ఆపరేషన్‌కి కాదు, ముందు ఒక రాత్రి పరీక్షకి. తలకీ ఛాతీకీ వైర్లు పెట్టి ఆస్పత్రిలో పడుకోబెట్టారు. వాడు రోబోని అని సంబరపడ్డాడు. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో లెక్క, పిల్లల్లో ఒకటి దాటితేనే తేడా అంటారు. వాడికి 14. ఆక్సిజన్ ఒక దశలో 82కి పడింది. బావ ఆ కాయితం రెండుసార్లు చదివి "ఎప్పుడంట?" అన్నారు.

అత్తగారి సామెత మాత్రం కొట్టిపారెయ్యలేదు. సుశ్రుతుడు భయపడిన రక్తస్రావం ఇప్పటికీ ఉంది. మొదటిరోజు ఒక గండం, వారం దగ్గర పడ్డాక పొక్కు ఊడేటప్పుడు ఇంకో గండం. అర్ధరాత్రి కాట్రేనికోనలో నోట్లోంచి రక్తం వస్తే? మా అమ్మమ్మ రోజుల్లో అయితే పంటు ఎక్కి గోదావరి దాటాలి, ఇప్పుడు ఎదుర్లంక వంతెన ఉంది, అయినా దూరం దూరమే. డాక్టరు గారిని అడగాల్సినవి అక్కకి రాసిచ్చాను: రాత్రి ఆస్పత్రిలో ఉంచుతారా, నొప్పికి ఏ మందు (2013 నుంచి అమెరికాలో ఈ ఆపరేషన్ తర్వాత పిల్లలకి కోడీన్ వద్దంటున్నారు), గురక తగ్గకపోతే మళ్ళీ పరీక్ష ఎప్పుడు.

వేసవి సెలవులకి ముహూర్తం. కాకినాడలో ఆస్పత్రికి దగ్గర్లో పన్నెండు రోజులకి గది మాట్లాడారు బావ. అత్తగారు కూడా వస్తానంటున్నారు, రాత్రుళ్ళు ఆవిడే పక్కన కూర్చుంటారట.